సైడు చివర మిగిలిన టేపు

అడిగిన పాటలు ఖాళీ క్యాసెట్టుకు ఎక్కించి ఇచ్చే మా చిన్నాయన అంగట్లో నేను మొదట నేర్చుకున్న పని తీసివేత లెక్క.

అరవై నిమిషాల క్యాసెట్టు అంటే సైడుకు ముప్పై నిమిషాలు. గిరాకీ తెచ్చిన చీటీలో ఆరు పాటలుంటాయి. ఒకటి నాలుగూ పది, ఇంకోటి నాలుగూ నలభై, మధ్యలో ఒకటి అయిదు దాటుతుంది. ఎల్పీ రికార్డు అట్ట వెనకాల నిడివి వేసుంటే సరి, లేకపోతే చిన్నాయన చేతిగడియారం చూసుకుని నోటుబుక్కులో రాసిపెట్టేవాడు. అవన్నీ కూడి ముప్పైలోంచి తీసేసి, ఎంత మిగులుతుందో నేను చెప్పాలి. ఒకసారి రెండు నిమిషాలు మిగిలేది, ఒకసారి నాలుగు. వేరే అంగళ్లలో అయితే ఆ మిగిలిన చోట చేతికందిన పాట మొదలుపెట్టి వదిలేసేవాళ్లు. అది చరణం మధ్యలో టక్కున తెగిపోయేది. మా చిన్నాయనకు అది పడదు. "పాటను అట్టా గొంతు పిసక్కూడదు అబ్బయా" అనేవాడు. పోనీ ఖాళీగా వదులుదామా అంటే అదీ ఒప్పుకోడు. "టేపుకు డబ్బులు తీసుకున్నాం కదా. గాలి అమ్ముతామా?"

అందుకని ఆయన దగ్గర ఇంకో నోటుబుక్కు ఉండేది. నల్లట్ట వేసిన పొడుగు పుస్తకం. అందులో పాటలు సినిమాల వరసన ఉండవు, నిడివి వరసన ఉంటాయి. 2.50, 3.10, 3.25, 4.05. ఎంత మిగిలితే అంతకు సరిపడే పాట దొరకాలి. ఇంకో సంగతి నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. ఆ పుస్తకంలో ఉన్న పాటలకు సినిమాలు లేవు. పూజ జరిగి, పాటలు రికార్డయి, ఆ తర్వాత ఎక్కడో ఆగిపోయిన సినిమాల పాటలు అవి. లేదంటే క్యాసెట్లో ఉండి తెర మీదికి రాని పాటలు. చిన్నాయన వాటిని ఒంటిపాటలు అనేవాడు. నూటికి తొంభై ఇళయరాజావే.

నేను ఆ అంగట్లో చేరింది 1984 ఎండాకాలం సెలవుల్లో. నాకప్పుడు పన్నెండేళ్లు. నెల్లూరు ట్రంకురోడ్డులోంచి పక్కకు తిరిగే సందులో, ఒక మేడమెట్ల కింద ఉండేది అంగడి. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలోనే. లోపల ఒక రికార్డు ప్లేయరు, రెండు టేపు డెక్కులు, గోడ నిండా ఎల్పీలు, బల్ల కింద ఖాళీ క్యాసెట్ల పెట్టెలు. పది క్యాసెట్లకోసారి స్పిరిట్‌లో దూది ముంచి హెడ్డు తుడవడం, నోటు తిరగేసినంత జాగర్తగా రికార్డు తిప్పడం, డెక్కు మీద సూది ఎర్రగీత దాటకుండా కాపలా కాయడం నా పనులు. ఆ స్పిరిట్ వాసన, రోణీకార్తె ఉక్క, ఎదుటి హోటల్లో పెనం మీద కాలే కారందోసె వాసన మూడూ కలిపి ఒకే వాసనగా నాకు గుర్తు. ఇప్పుడు కూడా ఆసుపత్రికి పోయినప్పుడు సూది వేసే ముందు చేతికి దూది రాస్తే నాకు చెవుల్లో వయొలిన్లు మొదలవుతాయి.

నెల్లూరోళ్లకు మద్రాసు పరాయి ఊరు కాదు. పెద్ద జబ్బు చేసినా, పెళ్లిచీరలు కొనాలన్నా, సినిమాల్లో చేరాలన్నా ఎక్కేది మద్రాసు బండే. చిన్నాయన నెలకోసారి తెల్లవారుజామున బండెక్కి పోయి రాత్రికి రికార్డులు మోసుకుని వచ్చేవాడు. సెంట్రల్ స్టేషన్లో దిగితే పక్కనే మూర్ మార్కెట్. పాత పుస్తకాలు, పాత రికార్డులు కుప్పలు పోసి అమ్మేవాళ్లు. ఆయన ఒంటిపాటల్లో సగం ఆ కుప్పల్లో ఏరినవే. సినిమా రాకపోతే రికార్డు అమ్ముడుపోదు కదా, రూపాయికీ రెండు రూపాయలకీ వచ్చేసేవి. 1985 మే ఆఖర్లో మూర్ మార్కెట్ తగలబడింది. మరుసటి రోజు పేపర్లో ఆ ఫోటో చూసి చిన్నాయన అంగడి తెరవలేదు. ఇంటి అరుగు మీద కూర్చుని, "అందులో ఎన్ని కాలిపోయాయో ఎవరికి తెలుసు, వాటికి ఇంకో కాపీ ఉందో లేదో" అన్నాడు. మా జేజి ఎవరో దగ్గరి వాళ్లు పోయారనుకుని కంగారుపడింది.

సినిమా రాకుండా పాట ఎట్టా వస్తుందని ఇప్పటి పిల్లలు అడుగుతారు. అప్పట్లో మన సినిమాల్లో మొదటి రోజు జరిగేదే పాట రికార్డింగు. కొబ్బరికాయ కొట్టి, పూజ చేసి, పాటతో సినిమా మొదలుపెట్టేవాళ్లు. షూటింగుకు ముందే పాటలన్నీ అయిపోవాలి. ఆడియో హక్కులు అమ్మితే నిర్మాత చేతికి కాస్త డబ్బు వస్తుంది, దాంతో షూటింగు మొదలవుతుంది. మధ్యలో ఫైనాన్స్ ఇచ్చేవాడు వెనక్కి తగ్గినా, హీరో కాల్షీట్లు దొరక్కపోయినా సినిమా ఆగిపోతుంది. పాట మాత్రం అప్పటికే జనంలోకి వచ్చేసి ఉంటుంది. ఎనభైల్లో ఇళయరాజా ఏడాదికి ముప్పై నలభై సినిమాలు చేస్తున్నాడు. మొత్తం వెయ్యి సినిమాలు, ఏడువేల పాటలకు పైమాటే అంటారు. అంత పంట పండేచోట కళ్లంలో రాలిన గింజలు కూడా అంతే ఉంటాయి. మా చిన్నాయన ఆ గింజలు ఏరుకున్నవాడు.

నేను మొదట ప్రేమించిన ఒంటిపాట 'మణిప్పూర్ మామియార్' అనే తమిళ సినిమాలోది. సినిమా రాలేదు. పాట మాత్రం తమిళదేశమంతా పాడుకున్నారు. 'ఆనంద తేన్ కాట్రు తాలాట్టుదే' అని మొదలవుతుంది. ఆనందపు తేనెగాలి జోలపాడుతోంది అని దానర్థం. మలేసియా వాసుదేవన్‌తో కలిసి పాడింది ఎవరనుకున్నారు? మన ఎస్.పి. శైలజ. తిప్పరాజువారి వీధి ఇంటి ఆడబిడ్డ. బాలుగారు పోయే ముందు, 2020లో, వేదపాఠశాల కోసం కంచి పీఠానికి రాసిచ్చిన ఇల్లు అదే. ఆ వీధి మీదుగా సైకిలు తొక్కుకుంటూ బడికి పోయేవాణ్ణి నేను. మా ఊరి అమ్మాయి పాడిన పాట ఒకటి, బొమ్మ లేకుండా, కథ లేకుండా తిరుగుతోందంటే నాకు ఎట్టానో ఉండేది.

బొమ్మ లేదు కాబట్టి నేనే వేసుకున్నాను. ఆ పాట మోగినప్పుడల్లా నాకు పెన్న కనిపించేది. నీళ్లు లేని పెన్న. రంగనాయకుల గుడి వెనక నుంచి చూస్తే ఇసక, మధ్యలో సన్నటి పాయ, సాయంత్రం గాలికి తలలూపే రెల్లు. పాటలో అబ్బాయి అమ్మాయి ఆ ఇసకలో నడిచి వచ్చేవాళ్లు. ముఖాలు ఉండేవి కావు. తర్వాత ఎన్నో పాటలు తెర మీద చూశాను, ఊటీ పొగమంచులో చూశాను, అవి ఆ సినిమాలవే అయ్యాయి. ఇది మాత్రం నాదే అయింది. ఒంటిపాట విన్న ప్రతివాడికీ ఇంతే అయ్యుంటుంది, ఎవరి ఊరు వాళ్లకు.

సైడు చివర ఒంటిపాట వేసేటప్పుడు చిన్నాయన దాని పేరు క్యాసెట్టు డబ్బాలో పెట్టే ఇన్లే కార్డు మీద రాసేవాడు కాదు. "వాళ్లు అడిగిన పాటలు మాత్రమే రాయి" అనేవాడు నాతో. ఎందుకని అడిగితే, "వినబుద్ధయితే వాళ్లే వస్తారు" అన్నాడు. నిజంగానే వచ్చేవాళ్లు. రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర అంగడి పెట్టుకునే ఒకాయన నాలుగు నెలల తర్వాత అరిగిపోయిన క్యాసెట్టు పట్టుకొచ్చి, "ముందున్నవన్నీ మళ్లీ వద్దు, చివరిదే రెండు సైడ్లకూ ఎక్కించు" అన్నాడు. కావలి నుంచి ఒక లారీ డ్రైవరన్న, చేపల లోడుతో మద్రాసు పోతూ రాత్రి పదింటికి అంగడి ముందు లారీ ఆపి, ఆ చివర పాట ఏ సినిమాలోది, ఆ సినిమా ఏ హాల్లో ఆడుతోందని అడిగాడు. రాలేదన్నా అని చెబితే కాసేపు మాట్లాడలేదు. "ఆ పిల్లది ఏమయిందో తెలుసుకుందామనుకున్నా" అన్నాడు. ఆయన మనసులో ఆ పాటకు ఒక కథ అప్పటికే సగం నడిచిపోయింది.

మూలపేట అయ్యవారు కూడా అట్టా వచ్చినవారే. కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. త్యాగరాజ కృతులు రికార్డు చేయమని చీటీ తెచ్చారు. సైడు చివర మూడున్నర నిమిషాలు మిగిలింది. కృతుల పక్కన సినిమాపాట వేస్తే అయ్యవారు కోప్పడతారని నేను భయపడ్డాను. చిన్నాయన ఒక్క క్షణం ఆలోచించి, ఇళయరాజా ఒట్టి వాద్యాలతో చేసిన 'హౌ టు నేమ్ ఇట్' లోంచి ఒక ముక్క వేశాడు. ఆ రికార్డు 1986లో వచ్చింది. దాన్ని ఇళయరాజా మన త్యాగరాజుకూ, జర్మనీ సంగీతకారుడు బాక్‌కూ అంకితమిచ్చాడు. అది ఒంటిపాట కాదు, అయినా మా అంగట్లో దాన్ని అడిగినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు కాబట్టి చిన్నాయన లెక్కలో అదీ ఒంటిదే. రెండు రోజులకు అయ్యవారు సైకిలు స్టాండు కూడా వేయకుండా గోడకానించి లోపలికి వచ్చారు. "ఏమయ్యా, త్యాగరాజుగారి తర్వాత ఆ వయొలిన్లేందయ్యా?" అన్నారు. కోపమో సంతోషమో తెలియలేదు. పూర్తి రికార్డు పెట్టించుకుని, స్టూలు మీద కూర్చుని రెండు వైపులా విన్నారు. ఆ రోజు నుంచి శనివారం సాయంత్రాలు ఆ స్టూలు అయ్యవారిది.

చిన్నాయన ఒక్కసారి మద్రాసులోని సాలిగ్రామం పోయాడు. ప్రసాద్ స్టూడియోలో రాజా రికార్డింగులు పొద్దున ఏడింటికే మొదలవుతాయని విని, ఆరున్నరకల్లా గేటుకు ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడ్డాడు. రాజాను చూడలేదు. చూద్దామని కూడా పోలేదట. వయొలిన్ పెట్టెలు చంకన పెట్టుకుని లోపలికి పోయేవాళ్లను చూశాడు. వాళ్లలో ఒకాయన తెలుగువాడు దొరికితే, ఫలానా పాట ఏ సినిమాకు వాయించారండీ అని అడిగాడు. ఆయన చెప్పిన మాట చిన్నాయన మాకు ఎన్నిసార్లు చెప్పాడో. "మాకు స్వరాల కాగితం ఇస్తారు, వాయిస్తాం, కాగితం వెనక్కి ఇచ్చేస్తాం. ఏ పిక్చరో సగంసార్లు మాకూ తెలవదు." వాయించినవాళ్లకే తెలియని పాటలకు నెల్లూరులో తాను లెక్క రాస్తున్నాడన్న సంగతి ఆ రోజు చిన్నాయనకు బలంగా తాకింది. అప్పటి నుంచి నల్లట్ట పుస్తకంలో నిడివి పక్కన, తెలిసినంత మేరకు, పాడినవాళ్ల పేర్లు కూడా రాశాడు.

ఇంకోరకం ఒంటివి ఉండేవి. సినిమాలో పాటల మధ్య వచ్చే నేపథ్య సంగీతం. దాన్ని రికార్డుగా వేసేవాళ్లు కాదు. సినిమా హాల్లో విని ఇంటికి వస్తే ఇక అంతే. వీడియో పార్లరు నుంచి వి.సి.ఆర్. అద్దెకు తెచ్చి, దాని వెనక నుంచి డెక్కుకు తీగ కలిపి, రాత్రంతా కూర్చునేవాళ్లం. మాటలు లేని చోట రికార్డింగు మీట నొక్కాలి. ఎవరైనా నోరు తెరవగానే ఆపాలి. 'గీతాంజలి' వచ్చినప్పుడు ఒక రాత్రంతా మేలుకుని పదకొండు నిమిషాలు సంపాదించాం. అందులో ఒకచోట తలుపు చప్పుడు, ఇంకోచోట దగ్గు. తెల్లారి అయ్యవారు విని, దగ్గు వచ్చినచోట కూడా తల ఊపారు. ఇప్పుడు ఆ సంగీతమంతా ఫోన్లో ఎవరెవరో కోసి అతికించి పెడుతున్నారు. మంచిదే. నాకు మాత్రం ఆ దగ్గు లేకపోతే ఏదో తక్కువగా ఉంటుంది.

మూర్ మార్కెట్ పోయాక ఒంటిపాటలు దొరకడం తగ్గింది. వాటికోసం చిన్నాయన క్యాసెట్లు వెతికేవాడు. 1991లో 'దళపతి' తమిళ క్యాసెట్లో ఏసుదాసు, జానకమ్మ పాడిన 'పుత్తం పుదు పూ' అని ఒక పాట ఉంది. సినిమా చూసి వచ్చి, ఆ పాట సినిమాలో లేదని మద్రాసులో ఉన్న స్నేహితుడు కార్డు రాశాడు. చిన్నాయన ముఖం వెలిగిపోయింది. అంత పెద్ద సినిమాలో ఒక పాటను వదిలేశారని బాధ ఒకపక్క, అది మన పుస్తకంలోకి వచ్చిందని సంబరం ఒకపక్క. నల్లట్ట పుస్తకంలో అంత శ్రద్ధగా గుండ్రటి అక్షరాలు ఆయన అంతకు ముందు రాయలేదు.

1993లో ఒకరోజు అయ్యవారు పేపరు మడిచి చేతిలో పట్టుకుని వచ్చారు. ఇళయరాజా లండన్ పోయి, రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా కోసం సింఫనీ రాశాడని, జాన్ స్కాట్ అనే ఆయన నడిపించగా వాళ్లు దాన్ని వాయించి రికార్డు చేశారని వార్త. పన్నైపురంలో పుట్టి, అన్నతో ఊరూరా తిరిగి హార్మోనియం వాయించినవాడు. సినిమాల్లోకి రాకముందు మన బాలుగారి ట్రూపులో కూర్చున్నవాడు. చిన్నాయన పేపరు తీసుకుని మూడుసార్లు చదివాడు. తర్వాత మెల్లగా, "సింఫనీ అంటే ఏంది అయ్యవారూ?" అని అడిగాడు.

అయ్యవారు ఆ సాయంత్రం రెండు గంటలు చెప్పారు. మన కచేరీలో రాగం, తానం, పల్లవి వరసగా వచ్చినట్టు అందులో మామూలుగా నాలుగు భాగాలుంటాయని. మన దగ్గర పాడేవాడి మనోధర్మం మీద పెరుగుతుంది, అక్కడ డెబ్బై ఎనభై మంది ఏ క్షణాన ఏ స్వరం వాయించాలో ముందే కాగితం మీద ఉంటుందని. "అంటే ఇన్నాళ్లూ మనం విన్న నాలుగు నిమిషాల పాటల్లో ఆయన ఇరికించి పెట్టింది ఇప్పుడు కాళ్లు చాపుకుని కూర్చుంటుందన్నమాట" అన్నారు. చిన్నాయన బల్ల సొరుగులోంచి ఎవరికీ అమ్మకుండా దాచిన తొంభై నిమిషాల మంచి క్యాసెట్టు తీసి, సీలు విప్పకుండానే దాని మీద పెన్నుతో సింఫనీ అని రాశాడు.

నల్లట్ట పుస్తకం ఆఖరు పేజీలో ముందస్తు ఆర్డర్లు రాసుకున్నాం. ఆరుగురు. తలా పది రూపాయలు అడ్వాన్సు. మొదటి పేరు అయ్యవారిది.

రాలేదు. ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడు రాలేదు. చిన్నాయన మద్రాసు పోయినప్పుడల్లా అడిగేవాడు. మద్రాసులో అంగడివాళ్లు కూడా ఆయన్ను చూడగానే ముందుగానే తల అడ్డంగా ఊపేవాళ్లు. రికార్డయింది అనేది నిజం, విడుదల కాలేదు అనేది కూడా నిజం. రికార్డయి బయటకు రాని పాటల మధ్యే బతికిన మనిషికి ఇది కొత్త కాకూడదు. కానీ చిన్నాయన దీన్ని ఒంటిపాటల్లో చేర్చడానికి ఒప్పుకోలేదు. ఒంటిపాటలకు సినిమా లేదు గానీ పాట ఉంది. దీనికి పాటే చేతికి రాలేదు. "ఇది ఆగిపోయింది కాదబ్బయా, ఆలస్యమయింది" అనేవాడు.

1997లో కమల్ హాసన్ 'మరుదనాయగం' ప్రారంభోత్సవానికి ఎలిజబెత్ రాణి వచ్చింది. సంగీతం రాజాది. టీవీలో చూస్తూ చిన్నాయన, "ఇంగ్లండు రాణే వచ్చింది, ఇది ఆగదులే" అన్నాడు. అదీ ఆగింది. అప్పటికి అంగడి కూడా ఆగిపోయే దశకు వచ్చింది. కంపెనీ క్యాసెట్లు చవకైపోయాయి, ఆ వెనకే సీడీలు. చీటీ రాసుకొచ్చేవాళ్లు తగ్గారు. మూసేసే ముందు చిన్నాయన ఆఖరు పేజీ తీసి, అయిదుగురి ఇళ్లకూ నన్ను పంపి పదేసి రూపాయలు తిరిగి ఇప్పించాడు. అయ్యవారు మాత్రం తీసుకోలేదు. "వచ్చినప్పుడు మిగతా డబ్బులిచ్చి తీసుకుంటా, పేరు కొట్టెయ్యకండి" అన్నారు.

చిన్నాయన 2009లో పోయాడు. క్యాసెట్లు మా ఇంటి అటక మీదికి వచ్చాయి. నాలుగేళ్ల కిందట దింపి చూస్తే సగానికి పైగా టేపు మీద తెల్లటి బూజు. కొన్ని చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఒక పాత డెక్కు బాగు చేయించి, స్పిరిట్ సీసా, దూది తెచ్చుకుని, ఒక్కోటీ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఆదివారం పూట రెండు సైడ్లు. ఒక్కోసారి టేపు మీది పొడి రాలిపోయి పాట మధ్యలో గొంతు లోపలికి కుంగిపోతుంది. తేనెగాలి పాట మూడు క్యాసెట్లలో దొరికింది, మూడింట్లో ఒకటి శుభ్రంగా ఉంది. సీలు విప్పని తొంభై నిమిషాల క్యాసెట్టుకు మాత్రం ఏమీ కాలేదు.

2025 మార్చి 8న ఇళయరాజా లండన్లో సింఫనీ వినిపించాడు. పేరు 'వేలియంట్'. ఎనభై దాటిన వయసులో ముప్పై అయిదు రోజుల్లో రాశానని చెప్పాడు. రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించింది. ఆ వార్త చూడగానే నేను బండి తీసి మూలపేట పోయాను.

అయ్యవారు పడక్కుర్చీలో ఉన్నారు. చూపు బాగానే ఉంది, చెవి కాస్త మందగించింది. కోడలుగారు మజ్జిగ తెచ్చిచ్చారు. ఫోన్లో ఆ వేదిక, ఆ వాద్యాలవాళ్లు, లేచి నిలబడి చప్పట్లు కొడుతున్న జనం అన్నీ చూపించాను. ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"ఇది మనదేనా అబ్బయా? ఆ తొంభై మూడుది?"

"కాదు అయ్యవారూ. ఇది కొత్తగా రాసింది. అది ఇంకా రాలేదు."

ఆయన తల ఊపారు. నేను నల్లట్ట పుస్తకం తీసి ఆఖరు పేజీ చూపించాను. అయిదు పేర్లు కొట్టేసి ఉన్నాయి. జేబులోంచి పది రూపాయల నోటు తీసి చేతిలో పెట్టబోతే, చేయి వెనక్కి లాగేసుకున్నారు.

"ఉండనీ. మీ చిన్నాయన రాసిపెట్టిన టేపు ఉందా?"

"ఉంది అయ్యవారూ. సీలు కూడా విప్పలేదు."

"తొంభై నిమిషాలు సరిపోతుందా దానికి? చివర ఏమైనా మిగులుతుందా?"

పన్నెండేళ్ల వయసు నుంచి నాకు వచ్చిన లెక్క అది ఒక్కటే. కానీ నిడివి చూసి చెప్పడానికి ఆ రికార్డు అట్ట ఇంకా ఎవరి చేతికీ రాలేదు. మిగిలితే ఏం వేయమంటారని అడిగాను.

"ఆ శైలజమ్మ పాట వెయ్యి" అన్నారు అయ్యవారు. "పేరు మాత్రం రాయొద్దు."